కట్ చెప్పాక

సినిమాలో చచ్చిపోవడానికి అమ్మమ్మ ఒప్పుకుంది గాని, ఊరికే ఒప్పుకోలేదు. రెండు షరతులు పెట్టింది. ఒకటి, చచ్చేటప్పుడు తన జుట్టు చెదరకూడదు. రెండోది, చామంతులకు నీళ్లు పోసే వేళకు తనను వదిలెయ్యాలి.

"చావబోయేవాళ్లు తల దువ్వుకుంటారేంటి అమ్మమ్మా?" అంది లాయ్.

"నేను దువ్వుకుంటానే. బతికినన్నాళ్లూ బురదలోనే బతికాను. పోయేటప్పుడైనా నీటుగా పోనీ."

"పోనీలే లాయ్, ముసలి హీరోయినుకు ఆ మాత్రం ఉండదా?" అన్నాడు థాక్, ఫోను అద్దం చొక్కా అంచుతో తుడుస్తూ.

"ముసలి అన్నావంటే నీ సినిమా సగంలోనే చస్తాను. తర్వాత కథ నువ్వే చూసుకో," అంది అమ్మమ్మ.

లాయ్‌దీ థాక్‌దీ పదకొండో తరగతి, ఒకే క్లాసు. సాదెక్ పట్నానికి ఆనుకుని, మెకాంగ్ నది పాయ పక్కన వాళ్ల ఊరు. ఊరంతా పూల పెంపకమే. నీళ్లలో గుంజలు పాతి, వాటి మీద తడికెలు పరిచి, తడికెల మీద చామంతి బుట్టలు నిలబెడతారు. కింద నీళ్లు, పైన పూలు. మధ్య సందుల్లో చిన్న పడవ వేసుకుని తిరుగుతూ నీళ్లు పోస్తారు, మొగ్గలు గిల్లుతారు. కొత్త ఏడాది పండగ టెట్ నాటికి బుట్ట నిండా పువ్వు విచ్చుకోవాలి. వారం ముందు విచ్చినా వెనక విచ్చినా ఆ ఏటి కష్టమంతా ఏటి పాలే. లాయ్ తండ్రి ఇసుక పడవ మీద పనిచేస్తాడు, ఎప్పుడో ఒకసారి ఇంటికొస్తాడు. తల్లి హూంగ్ చేపలు కోసే ఫ్యాక్టరీకి పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వస్తుంది. ఇంటినీ పూలనీ నడిపేది అమ్మమ్మే. పుట్టిన వరసను బట్టి ఊరంతా ఆమెను ఏడో అక్క అంటారు.

ఆ ఏడాది నగరంలోని ఒక పెద్ద పరిశోధన ఆసుపత్రివాళ్లు హైస్కూలు పిల్లలకు సినిమాల పోటీ పెట్టారు. జబ్బుల మీదో మందుల మీదో పిల్లలే కథ అల్లుకుని, పిల్లలే తియ్యాలి. జీవశాస్త్రం చెప్పే న్యాన్ టీచరు క్లాసులో అడిగితే కొందరు దోమలన్నారు, కొందరు పిచ్చికుక్కలన్నారు. లాయ్, థాక్ మాత్రం మందులకు లొంగని క్రిముల మీద తీస్తామన్నారు. కథ లాయ్ రాసింది. ఊళ్లో ఒక ముసలామె. తుమ్మొచ్చినా దగ్గొచ్చినా వంతెన దగ్గర మందుల కొట్టుకు వెళ్లి పొట్లాలు తెచ్చుకుని మింగుతూ ఉంటుంది. ఒంట్లోని క్రిములు ఆ మందులకు అలవాటుపడి మొండికేస్తాయి. తీరా పెద్ద జబ్బు వచ్చేసరికి ఏ మందూ పనిచెయ్యదు.

ఆ పొట్లాల సంగతి అక్కడ ఎరగనివాళ్లు లేరు. "జ్వరం, ఒళ్లు నొప్పులు" అంటే చాలు, డాక్టరు చీటీ ఎవరూ అడగరు. ఎర్రది, తెల్లది, సగం పసుపూ సగం పచ్చా ఉన్న గొట్టం మాత్ర, అన్నీ కలిపి పూటకొకటిగా చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వేసి చేతికిస్తారు. ఏది దేనికో ఇచ్చినవాడికి తెలుసు. మింగేవాళ్లకు రంగులే తెలుసు.

"చాక్లెట్ బిళ్లలు పెడదాం," అంది లాయ్.

"తెర మీద ఇట్టే తెలిసిపోద్ది. అసలువే కావాలి," అన్నాడు థాక్. మనిషి వెదురు బద్దలా ఉంటాడు గాని, డైరెక్టరునని అనుకున్న రోజు నుంచి గొంతు రెట్టింపైంది. చొక్కా జేబులో ఫోను ఆన్ చేసి పెట్టుకుని కొట్టుకు వెళ్లాడు. మా అమ్మమ్మకు జ్వరం అన్నాడు. సంచులు పట్టుకుని పరుగున తిరిగొచ్చాడు.

"వయసెంత అని కూడా అడగలేదు! మొత్తం ఫోనులో పడింది. ఈ షాటే మన సినిమాకి ప్రాణం!"

మాత్రలు మింగే సీను గుమ్మం ముందు తీశారు. అమ్మమ్మ తన రోజువారీ వేషంలోనే కూర్చుంది. ఆ పక్క ఆడవాళ్లంతా తొడుక్కునే పల్చటి చొక్కా, కింద రెండు జేబులు, జేబు మూతికి పిన్నీసు. ఆమె ప్రపంచమంతా ఆ జేబుల్లోనే ఉండేది.

"నోట్లో వేసుకో అమ్మమ్మా. కట్ అనగానే ఉమ్మెయ్," అంది లాయ్.

"వేసుకున్నట్టు చేస్తే చాలదూ?"

"ఎలా చేసినా సరే, మింగొద్దు. అది మాత్రం గుర్తుంచుకో."

మొదటిసారి మోటారు పడవ డుగడుగమంటూ పోయింది. రెండోసారి కోడి కూసింది. ఇంకోసారి అమ్మమ్మే నవ్వేసింది. ప్రతిసారీ థాక్ "కట్!" అని పొలికేక పెట్టడం, మళ్లీ కొత్త సంచి చింపడం. కట్ అని అరుస్తాడే గాని ఫోను ఆపడం వాడికి గుర్తుండదు.

"ఆపరా బాబూ. కోళ్లూ పిల్లులూ పడి నిండిపోతోంది ఫోను," అని లాయ్ విసుక్కునేది.

సాయంత్రం సామాన్లు సర్దుతూ అడిగింది. "మాత్రలు ఉమ్మేశావా అమ్మమ్మా?"

"ఆ, కాలవలోకి."

"అయ్యో, కాలవలో వెయ్యకూడదే! చేపల ఒంట్లోకి పోతాయి. టీచరు చెప్పింది కదా."

"చేపలకి మాత్రం ఒళ్లు నొప్పులుండవా?" అంటూ పడవెక్కి చామంతుల్లోకి వెళ్లిపోయింది.

చివరి సీనుకు ముసలామె ఫోటో కావాలి. ఇంట్లో పోయిన పెద్దల ఫోటోలు ఉంచి మొక్కే బల్ల మీద పెట్టి, ముందు అగరొత్తులు వెలిగించాలి. ఎవరి ఫోటో పెట్టాలా అని పిల్లలు తర్జనభర్జన పడుతుంటే అమ్మమ్మ పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన పటం ఒకటి తెచ్చింది. పోయాక బల్ల మీద పెట్టడానికని ఎప్పుడో తీయించుకుని దాచుకున్న పటం. స్టూడియోవాడు ఆమె తలను ఎవరిదో నీలం పట్టు అంగీ మీద అతికించాడు.

"ఇది బల్లెక్కే రోజు నేనెలాగూ చూడను. ఇప్పుడన్నా చూడనీ."

అగరొత్తుల పొగ లేచింది. బల్ల మీద నీలం అంగీలో అమ్మమ్మ. బల్ల కింద చాప మీద అసలు అమ్మమ్మ, పచ్చి మామిడి ముక్కలు ఉప్పూకారంలో అద్దుకుంటూ, "కాస్త ఎడమకి జరపరా. ఒరిగినట్టున్నాను," అంటోంది.

సరిగ్గా అప్పుడే హూంగ్ ఫ్యాక్టరీ నుంచి ముందుగా వచ్చింది. గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

"అమ్మా! నీకు మతుందా? బతికున్న మనిషిని బల్లెక్కిస్తారా ఎక్కడైనా? తియ్యండి ముందు!"

"అరవకే, పొగ చెదిరిపోద్ది," అంది అమ్మమ్మ. మామిడి ముక్క నములుతూనే ఉంది.

ఆ తర్వాత అమ్మమ్మ నడుం పట్టేసిందంది. ఒకపూట పడుకుంది. మర్నాడు లేచి ఇంటెడు చాకిరీ చేసింది. మళ్లీ ఒక సాయంత్రం ముఖం వడిలిపోయింది. తెల్లారేసరికి చేపల ఇగురు మట్టిదాకలో ఉడుకుతూ, ఆమె కూనిరాగం తీస్తూ ఉండేది. "నడుం ఎలా ఉంది?" అని హూంగ్ అడిగితే, "దానికేం, నాకంటే అదే బలంగా ఉంది," అనేది. టెట్ దగ్గర పడుతోంది. ఒక్క బుట్ట తిప్పకపోయినా పువ్వు ఒక పక్కకే విచ్చుకుంటుంది. లాయ్ సినిమా ముక్కలు అతికించే పనిలో తలమునకలై ఉంది. ఎవరి హడావుడి వాళ్లది.

ఒక మధ్యాహ్నం పక్కింటావిడ కేక వేస్తే లాయ్ పరుగెత్తింది. చామంతుల మధ్య పడవలో అమ్మమ్మ ముడుచుకుని కూర్చుని వణుకుతోంది. గడకర్ర దూరంగా నీళ్ల మీద తేలుతోంది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. "బుట్టలు... ఆ వరస ఇంకా తిప్పలేదు," అంటోంది.

జిల్లా ఆసుపత్రిలో డాక్టరు చిన్న వయసావిడ.

"వారం నుంచి ఏ లక్షణం లేకుండా ఉన్నట్టుండి ఇలా ఎందుకవుతుంది? జ్వరం లేదా ముందు?"

"లేదండీ. బాగానే తిరిగింది," అంది హూంగ్.

"మందులేమన్నా వాడిందా? కొట్లో ఇచ్చే పొట్లాల్లాంటివి?"

హూంగ్ కూతురు వైపు చూసింది. చదువుకున్న పిల్ల కదా, డాక్టర్లతో మాటలంటే ఆ ఇంట్లో లాయ్‌వే.

"లేదు డాక్టర్," అంది లాయ్, తల కాస్త ఎత్తి. "మా ఇంట్లో అవి మానేశాం. దాని మీదే మేం సినిమా తీస్తున్నాం."

డాక్టరు మెచ్చుకోలుగా చూసి, లేదని రాసుకుంది.

ఎక్కించిన మందు పనిచెయ్యలేదు. మార్చారు. అదీ పనిచెయ్యలేదు. మూత్రపిండాల్లో పుట్టిన చీము నెత్తుట్లోకి పాకిందన్నారు. పరీక్ష రిపోర్టు వచ్చేసరికి అమ్మమ్మకు మాట పోయింది. ఈ క్రిమి మామూలు మందులకి లొంగే రకం కాదు, నాలుగు రోజుల ముందు తెచ్చి ఉంటే, అంటూ మొదలుపెట్టిన డాక్టరు హూంగ్ ముఖం చూసి ఆపేసింది. ఆ రాత్రి ప్రాణం పోయింది. జుట్టు చెదిరే ఉంది. లాయ్ దువ్వెన కోసం చేతి సంచంతా వెతికింది. దొరకలేదు. వేళ్లతోనే సర్దింది.

బల్ల మీదికి అదే పటం ఎక్కింది. ఇంకో ఫోటో లేదు మరి.

అంత్యక్రియల రోజు థాక్ తెల్ల చొక్కా వేసుకుని, అగరొత్తులు పట్టుకుని వచ్చాడు. లాయ్ మేనమామ, ఇంటికి పెద్ద కొడుకు, గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.

"నువ్వేనా? బతికున్న మా అమ్మని బల్లెక్కించిన మొనగాడివి నువ్వేనా?"

థాక్ తల వంచుకున్నాడు.

"ఎక్కమన్నావు, ఎక్కింది. ఇంకా ఎవర్ని ఎక్కిద్దామని వచ్చావురా? నన్నా?"

"ఫోటో వల్ల ఎవరూ చచ్చిపోరు మావయ్యా!" లాయ్ ఏడుస్తూనే అరిచింది. "అది క్రిమి. రిపోర్టులో ఉంది."

"మా అమ్మ శవం పక్కన నాకు పాఠం చెప్తున్నావా? పో లోపలికి!"

థాక్ వెలిగించని అగరొత్తులు గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు. ఊరు ఊరే. వాడికి బల్లెక్కించేవాడని పేరు పెట్టేశారు. బజారులో వాడి చేతిలో ఫోను కనబడితే చాలు, "మా వైపు తిప్పకు నాయనా, మాకింకా పనులున్నాయి," అనేవాళ్లు ఆడవాళ్లు. నవ్వుతూనే అనేవాళ్లు గాని ముఖం పక్కకు తిప్పుకునేవాళ్లు. వాడు ఫోను జేబులో పెట్టేసుకునేవాడు. "పోటీ వద్దు. సినిమా చెరిపేద్దాం," అన్నాడు లాయ్‌తో.

"చెరిపితే నువ్వు తప్పు చేశావని ఒప్పుకున్నట్టే. పూర్తి చేద్దాం. అందరికీ చూపిద్దాం. అమ్మమ్మని చంపింది ఫోటో కాదు, పురుగు అని ఊరికి తెలియాలి," అంది లాయ్. ఆమెకు ఇప్పుడు ఆ సినిమా ఒక్కటే దిక్కు.

పండగ వచ్చింది. ఇంటిల్లిపాదీ ఏడుస్తూనే చామంతులు అమ్మారు. తిప్పని వరసలోని బుట్టలు ఒక పక్కకే పూశాయి. వాటిని ఎవరూ కొనలేదు. హూంగ్ వాటిని తెచ్చి వాకిట్లో పెట్టుకుంది.

పండగ వెళ్లాక లాయ్ మళ్లీ సినిమా ముందు కూర్చుంది. మాత్రల సీనుకు చివరి ముక్క బాగుందని ఎంచుకుని, ఎక్కడ కత్తిరించాలా అని చూస్తోంది. తెర మీద అమ్మమ్మ సంచి చింపి, మాత్రలు అరచేతిలో పోసుకుంది, నోటికి పెట్టుకుంది, నీళ్లు తాగింది. థాక్ గొంతు "కట్!" అంది. ఎప్పటిలాగే ఫోను ఆగలేదు. లాయ్, థాక్ మాటలు దూరమయ్యాయి. అమ్మమ్మ అటూ ఇటూ చూసింది. మూసిన గుప్పిట మెల్లగా తెరిచింది. ఎర్రది, తెల్లది, సగం పసుపూ సగం పచ్చా. ఒక్కటీ నోట్లోకి పోలేదు. వాటిని ఖాళీ సంచిలోనే వేసి, జేబు పిన్నీసు తీసి, లోపల పెట్టి, మళ్లీ పిన్నీసు పెట్టింది. తల ఎత్తేసరికి ఎదురుగా ఫోను కనబడింది. దానికి కన్ను గీటింది.

లాయ్ అంతకు ముందు ముక్క చూసింది. దాని ముందుది కూడా. కోడి కూసిన ముక్క, పడవ డుగడుగల ముక్క. ప్రతిదాంట్లోనూ కట్ తరువాత అదే గుప్పిట, అదే పిన్నీసు.

డబ్బు పోసి కొన్న మందు కాలవలో ఎలా పారేస్తుంది ఆవిడ? అన్నం మెతుకు కిందపడితే ఏరుకునే మనిషి. నడుం పట్టేసిన పూటల్లా ఒక పొట్లం వేసుకుంది. నొప్పీ జ్వరమూ అణిగి పొద్దున కూనిరాగం తీసింది. పొట్లాలు అయిపోయిన రోజున పడవలో కూలబడింది.

"లేదు డాక్టర్," అన్న తన గొంతు తనకే వినబడింది.

లాయ్ సైకిలు తీసి థాక్ ఇంటికి వెళ్లింది. వాడు వెనకవైపు అరుగు మీద వల బాగుచేస్తున్నాడు. ఆమె ముఖం చూడగానే చేతిలో దారం ఆగింది.

"చూశావన్నమాట," అన్నాడు.

"నీకు తెలుసా?"

"అంత్యక్రియల ముందు రాత్రి చూశాను. మీ అమ్మమ్మని ఒకసారి చూద్దామని పెట్టాను. కట్ తర్వాతవి నేనెప్పుడూ చూడను. ఆ రోజు ఆపబుద్ధి కాలేదు."

"మావయ్య అన్ని మాటలంటే చెప్పలేదేం?"

థాక్ దారం వేలికి చుట్టుకున్నాడు.

"ఫోటో అంటున్నారు కదా. ఫోటో అయితే నా ఒక్కడి మీదే పోద్ది. మాత్రలంటే... కొన్నది నేను. చేతికిచ్చింది నువ్వు."

లాయ్ వాడి పక్కన కూర్చుండిపోయింది. ఇద్దరూ ఏడవలేదు. లోపల్నుంచి వాడి అమ్మ ఎవరొచ్చారురా అని అడిగితే, ఎవరూ లేరమ్మా అన్నాడు.

ఆ సాయంత్రమే లాయ్ తల్లికి చెప్పింది. మాటల్లో చెప్పలేక ఫోను చేతిలో పెట్టింది. హూంగ్ నిలబడే చూసింది. గుప్పిట తెరుచుకుంది, పిన్నీసు పడింది, కన్ను గీటింది. లాయ్ దెబ్బ కోసం కాచుకుని ఉంది. ఒక దెబ్బ పడితే బాగుండుననే ఉంది.

"మళ్లీ పెట్టు," అంది హూంగ్.

మళ్లీ పెట్టింది. ఈసారి హూంగ్ చాప మీద కూలబడి చూసింది.

"మళ్లీ పెట్టవే." కన్ను గీటే చోట ఆమె వేలు తెరను తాకింది. బొమ్మ ఆగిపోయింది. "చూడు, ఎలా నవ్వుతోందో దొంగముండ," అని బావురుమంది.

మేనమామను హూంగే పిలిపించింది. ఆయన చూశాడు. బల్ల మీది నీలం అంగీ వైపు చూశాడు. సిగరెట్టు తీసి, వెలిగించకుండానే మళ్లీ పెట్టెలో పెట్టాడు.

"పదేళ్లుగా వంతెన దగ్గరికి బండి మీద తీసుకెళ్లింది నేనే," అన్నాడు. "ప్రతి దగ్గుకీ. 'నాలుగు పొట్లాలు కట్టించరా, తగ్గిపోద్ది,' అనేది. తగ్గిపోయేది కూడా." ఇంకేదో అనబోయి, "ఫోటో అనుకుంటే నిద్ర పట్టేది," అన్నాడు.

"మావయ్యా, సినిమా చెరిపెయ్యమంటావా?"

ఆయన లేచి వాకిట్లోకి వెళ్లాడు. వెళ్తూ, ఒక పక్కకే పూసిన చామంతి బుట్టను కాలితో కాకుండా చేత్తో ఎత్తి గోడవారగా జరిపాడు. తర్వాత ఆయన బండి థాక్ వాళ్ల ఇంటి వైపు మళ్లడం లాయ్ చూసింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఆయనా చెప్పలేదు, థాక్ కూడా చెప్పలేదు.

బడి హాల్లో సినిమా వేసిన రోజు ఊళ్లోవాళ్లు చాలామందే వచ్చారు. బల్లెక్కించేవాడు ఏం తీశాడో చూద్దామని వచ్చినవాళ్లే ఎక్కువ. న్యాన్ టీచరు కిటికీలకు తెరలు వేయించింది. తల దువ్వుకున్న అమ్మమ్మ తెర మీదికి రాగానే ముందు వరస ముసలమ్మలు ముక్కులు చీదారు. కథ లాయ్ రాసినట్టే నడిచింది. పొట్లాలు, మొండి క్రిమి, ఆసుపత్రి. బల్ల మీద ఫోటో సీను మాత్రం తీసేశారు. దాని చోట ఇంకో ముక్క పెట్టారు, కత్తిరించకుండా.

"కట్!" అంది థాక్ గొంతు. బొమ్మ ఆగలేదు. అమ్మమ్మ అటూ ఇటూ చూసి గుప్పిట తెరిచింది.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మాత్రలు జేబులోకి పోయాయి. నవ్వు వరస నుంచి వరసకు పాకింది. "ఏడో అక్కే! అచ్చం ఏడో అక్కే! చిల్లిగవ్వ వదలదు!" అని ఒకావిడ పొట్ట పట్టుకుంది. పిన్నీసు పడింది. ఆమె తల ఎత్తి కన్ను గీటేసరికి హాలంతా గొల్లుమంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తరువాత మీట నొక్కితే తెర నల్లబడి రెండు వాక్యాలు రావాలి. ఆ పొట్లాలు ఎవరు కొన్నారో, అవి ఏమయ్యాయో, డాక్టరు అడిగితే ఎవరు లేదని చెప్పారో. కింద ఇద్దరి పేర్లు.

మీట లాయ్ వేలి కింద ఉంది. పక్కన థాక్ కూర్చున్నాడు. వెనక గోడకు ఆనుకుని హూంగ్, మేనమామ నిలబడి ఉన్నారు. ఊరు ఇంకా నవ్వుతూనే ఉంది. అమ్మమ్మను చూసి ఊరు నవ్వడం ఇదే ఆఖరుసారి. లాయ్ ఆ నవ్వును కాసేపు అలా సాగనిచ్చింది.

తర్వాత మీట నొక్కింది.